చెట్టినాడు మేడ: చూసొస్తే చాలా, ఒక రాత్రి ఉండాలా?

పెద్దవాళ్లతో తమిళనాడులోని చెట్టినాడు ప్రాంతానికి, కారైక్కుడి వైపు వెళ్తున్నాం, హోటల్‌గా మార్చిన పాత చెట్టియార్ల (అక్కడి వ్యాపారుల) మేడలో ఒక్క రాత్రికి అంత డబ్బు పెట్టాలా, టికెట్ కొని చూసొస్తే సరిపోదా అని ఒకరు అడిగారు. ఉండండి అనే చెప్తాను. మేం రెండూ చేశాం. మొదటి రోజు ఒక మేడ గంటలో చూసి వచ్చాం, ఫొటోలు తప్ప ఏమీ మిగల్లేదు. మర్నాడు దగ్గర్లోని కానాడుకాత్తాన్‌ అనే ఊళ్లో మరో మేడలో రాత్రి ఉన్నాం.

మా అమ్మ పుట్టింది కోనసీమలో, మండువా లోగిలిలో. పంపకాలయ్యాక ఆ ఇల్లు పడగొట్టేశారు. ఇక్కడ గడప దాటగానే "ఇది మన మండువానే కదరా" అంది. నిజమే. నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం. కాకపోతే ఇక్కడ ఒక మండువా దాటితే ఇంకో మండువా. వీధి గుమ్మంలో నిలబడితే వరుసగా తలుపులన్నీ దాటి, అవతలి వీధిలోకి తెరుచుకునే పెరటి గుమ్మం దాకా చూపు వెళ్తుంది.

నవంబరు కదా, రాత్రి పదింటికి వాన మొదలైంది. నాలుగు చూరుల నుంచీ నీళ్లు మండువాలోకి ధారలుగా పడుతుంటే అమ్మ గదిలోకి రానంది. బర్మా టేకు స్తంభానికి ఆనుకుని కూర్చుని, చూరు కింద అరచెయ్యి పెట్టి, వాళ్లమ్మ వాన నీళ్లు గంగాళాల్లో పట్టేదని చెప్తూనే ఉంది. ఆ కబుర్లు నేను అంతకుముందు వినలేదు.

అక్కడి గోడను ఒకసారి అరచేత్తో తాకి చూడండి. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, కరక్కాయ, బెల్లం కలిపి పూసినది. చల్లగా, నున్నగా పింగాణీలా ఉంటుంది. కింద ఆత్తంగుడి పలకలు. దగ్గర్లోనే ఉన్న ఆ ఊరు వెళ్తే ఇప్పటికీ చేత్తో చేయడం చూడొచ్చు: అద్దం ముక్క మీద అచ్చు పెట్టి రంగులు పోస్తారు, పైన ఇసుక, సిమెంటు నింపుతారు. అద్దానికి ఆనిన వైపే పైకి వస్తుంది కాబట్టి పాలిష్ పట్టకుండానే మెరుస్తుంది.

బర్మా, మలయా, సిలోన్‌లలో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించిన డబ్బుతో కట్టిన ఇళ్లివి. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించాక ఆ రాబడి చాలావరకు పోయింది, వారసులు ఊళ్లు వదిలారు. చాలా మేడలు పెళ్లిళ్లకూ శుభకార్యాలకూ మాత్రమే తెరుచుకుంటాయి, కొన్నింటి టేకు దూలాలు ఊడదీసి అమ్మేశారు. అందుకే దీపం పెట్టి, మనుషులు తిరుగుతున్న మేడలో డబ్బు ఖర్చు పెట్టడం నాకు దండగ అనిపించదు.

పెద్దవాళ్ల గురించి ఒక్క మాట. గడపలు ఎత్తు, మెట్లు నిటారు. కింద మండువా చుట్టూ ఉన్న గదులు పెళ్లైన ఒక్కో కొడుక్కీ ఒక్కోటి చొప్పున, ఎక్కువగా సామాను దాచుకోవడానికి కట్టినవి. కొన్నింటికి కిటికీ కూడా ఉండదు. బుక్ చేసేముందే ఫోన్ చేసి గది కింద ఉందా, వెలుతురు వస్తుందా అని అడగండి. మదురై నుంచైనా తిరుచ్చి నుంచైనా సుమారు 90 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి భోజనం వేళకు చేరుకోండి, అరిటాకు భోజనం అక్కడే చేయొచ్చు.