మూడో స్థానం వాడి గురించి రాయమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

మట్టి ట్రాక్ మీద నలుగురు తలపడే మోటారుసైకిల్ పందెం, స్పీడ్‌వే గురించి నువ్వు రాసిన కథ చదివాను. చివరి మలుపు దగ్గర నీ హీరో "గట్టిగా బ్రేకు నొక్కాడు" అని రాశావు చూడు, అక్కడ ప్రాణం ఉసూరుమంది. స్పీడ్‌వే బండికి బ్రేకులు ఉండవమ్మా. ముందు చక్రానికీ లేవు, వెనక చక్రానికీ లేవు. 500 సీసీ ఒంటి సిలిండర్ ఇంజిన్, మెథనాల్ ఇంధనం, పరుగంతా ఒకటే గేరు. వేగం తగ్గాలంటే కుడిచేతిలో ఉన్న యాక్సిలరేటరే దిక్కు. మలుపులో వెనక చక్రం కుడివైపుకు జారుతుంది, హ్యాండిల్ కూడా కుడికే తిప్పి పట్టుకుంటాడు, బండి మాత్రం ఎడమకు తిరుగుతుంది. ఎడమ బూటు కింద కట్టుకున్న ఉక్కు తొడుగు నేలను రాసుకుంటూ పోతుంది. ఇదంతా నీ కళ్ళముందే జరిగింది. పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌లో ఉంటున్నావు, 2023 జూలైలో అక్కడి ఒలింపిక్ స్టేడియంలో స్పీడ్‌వే వరల్డ్ కప్ ఫైనల్ చూశానని నువ్వే రాశావు. చూసి వచ్చి, మన సినిమా ఛేజింగ్‌లోని బ్రేకును తెచ్చి ఈ బండికి తగిలించావు.

ఇంకొకటి. నీ హీరోకి అతని దేశం కుర్రాడే పక్కన పరుగెడుతూ దారి ఇచ్చాడని రాశావు. వరల్డ్ కప్‌లో అది జరగదు. నాలుగు దేశాలు, ప్రతి హీట్‌లో, అంటే ఒక్కో పరుగులో, దేశానికి ఒక్కడే. తనవాళ్ళందరూ పిట్స్‌లో, అంటే బళ్ళు సిద్ధం చేసుకునే చోట, నిలబడి చూస్తుంటారు, ట్రాక్ మీద అతను ఒంటరి. ఇద్దరిద్దరు జంటగా దిగేది స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్‌లో, 2018 నుంచి. అది వేరే పోటీ, దాని నాటకం వేరు. అక్కడ పాయింట్లు 4, 3, 2, 0. ఒకడు మొదట వచ్చి, జోడీగాడు చివర వస్తే నాలుగే. ఇద్దరూ రెండు, మూడు స్థానాల్లో వస్తే అయిదు. ముందున్నవాడు వెనక్కి తిరిగి తనవాడు ఎక్కడున్నాడో చూసుకోకపోతే ఓడిపోతారు. అంతకంటే పెద్ద కథావస్తువు నీకు ఎవరిస్తారు? దాన్నే రాయాలనుకుంటే కథను ఆ పోటీలో పెట్టు. వరల్డ్ కప్పే కావాలంటే ఆ ఒంటరితనం రాయి. రెండూ కలిపితే స్పీడ్‌వే తెలిసినవాడు రెండో పేజీలోనే పుస్తకం మూసేస్తాడు.

ఇంత కోపంలోనూ ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ అయిదో పేజీలో ఉన్న ఒక వాక్యం. మూడో స్థానంలో వచ్చినవాడు పిట్స్‌లోకి తిరిగొచ్చి, హెల్మెట్ తీయకుండానే స్కోరుబోర్డు వైపు చూశాడు అన్నావు. బాగుంది. ఆ మనిషిని నువ్వు నిజంగా చూశావు. కానీ ఆ ఒక్క వాక్యంతో వదిలేసి మళ్ళీ హీరో దగ్గరికి పరుగెత్తావు. మిగతా ఏడు పేజీలూ గెలిచినవాడివే.

నేను ఏళ్ళ తరబడి చెబుతున్న మాట ఇది, నీకూ చెబుతాను. జట్టు పోటీ రాస్తే మూడో స్థానం కోసం కొట్టుకునేవాణ్ణి రాయాలి. లెక్క చూడు. 20 హీట్లు, హీట్‌కి 3, 2, 1, 0. అంటే రాత్రంతా పంచుకోవడానికి 120 పాయింట్లు. నువ్వు చూసిన ఫైనల్లో పోలండ్ 33, బ్రిటన్ 31, డెన్మార్క్ 29, ఆస్ట్రేలియా 27. విజేతకూ చివరివాళ్ళకూ మధ్య ఆరు పాయింట్లు, అంటే ఒక్క హీట్‌లో పంచేవి. పోలండ్ జ్మార్జ్లిక్ లాంటి ప్రపంచ ఛాంపియన్ తన హీట్లు గెలుస్తాడు, అది అందరికీ తెలుసు. కప్పు ఎటు పోతుందో తేల్చేది నాలుగో స్థానం నుంచి మూడో స్థానానికి వచ్చిన ఎవడో ఒకడు. 2013లో ప్రాగ్‌లో పోలండ్ 41, డెన్మార్క్ 40. మరుసటి ఏడాది పోలండ్ సొంతగడ్డ బిద్‌గోష్చ్‌లో డెన్మార్క్ 38, పోలండ్ 37. వరసగా రెండేళ్ళు, అవే రెండు దేశాలు, ఒక్క పాయింటు తేడా. ఆ రాత్రి ఏ హీట్‌లోనో గీత దగ్గర అరచక్రం తేడాతో మూడో స్థానం పోగొట్టుకున్నవాడు ఒకడుంటాడు. ఆ హీట్ జరిగినప్పుడు స్టేడియం మొత్తం ముందున్న ఇద్దరినీ చూస్తూ ఉంటుంది. రచయిత కూడా వాళ్ళనే చూస్తే ఇక రచయిత ఎందుకు?

పైగా రాయడానికి సరుకంతా వెనకున్నవాడి దగ్గరే ఉంది. ముందువాడికి ఎదురుగా ఖాళీ ట్రాక్. వెనకవాడి ముఖం మీదికి మూడు బళ్ళ మట్టి ఎగిరి పడుతుంది. గాగుల్స్ మీద అంటించుకున్న పలుచని ప్లాస్టిక్ పొరను ఎడమచేత్తో లాగి పారేసి, ఆ క్షణంపాటు ఒంటిచేత్తో బండి నడుపుతాడు. లోపలి అంచున పట్టు దొరకదు, బయట కంచె దగ్గర వదులు మట్టి పేరుకుని ఉంటుంది. అక్కడికి వెళితే దూరం ఎక్కువ, కానీ చక్రానికి పట్టు దొరుకుతుంది. వెళ్ళాలా వద్దా? నాలుగు రౌండ్లూ కలిపి ఒక్క నిమిషం. ఆ నిమిషంలో అతను తీసుకునే నిర్ణయాలు రాస్తే నీ కథకు వేరే టెన్షన్ అక్కర్లేదు.

నువ్వేం చేశావు? ఆఖరి రౌండులో హీరోకి వాళ్ళమ్మ కన్నీళ్ళు గుర్తొచ్చాయని పేజీన్నర రాశావు. ఆ రౌండుకి పట్టేది పదిహేను సెకన్లు. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు. ఈ కథల పోటీలు వచ్చాక అందరికీ ఇదే అలవాటైంది. మొదటి పేరాలో పాఠకుడి కాలర్ పట్టుకోవాలి, మధ్యలో అమ్మో నాన్నో ఏడవాలి, చివర్లో కొసమెరుపు. న్యాయనిర్ణేతలు దానికే బహుమతులిస్తున్నారు, పిల్లలు అదే నేర్చుకుంటున్నారు. నాకు చాలా బాధగా ఉంది.

నేను పత్రికకు కంట్రిబ్యూటర్‌గా ఉన్న రోజుల్లో ప్రకాశం జిల్లాలో సంక్రాంతికి బండలాగుడు పోటీలు రాయడానికి వెళ్ళేవాణ్ణి. నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగితే అంత. ఒకసారి మూడో స్థానం వచ్చిన రైతు దగ్గర కూర్చుండిపోయాను. దాపటెద్దు మధ్యలో మోకాళ్ళ మీద పడింది. అతను చెర్నాకోల పక్కన పడేసి దాని చెవి దగ్గర ఏదో మాట్లాడి లేపాడు, ఆ తర్వాత లాగిన అడుగులతోనే మూడో బహుమతి దక్కింది. దాని గురించి మనసుపెట్టి రాసి పంపాను. అచ్చయింది మొదటి బహుమతి గెలిచినవారి పేరు, బహుమతి ఇచ్చిన నాయకుడి ఫోటో. ఫోన్ చేస్తే డెస్క్‌లో ఉన్నాయన "ఓడినవాడి సంగతి ఎవడిక్కావాలయ్యా" అన్నాడు. ఆ మాట ఈ రోజుకీ నా ఒంట్లో ముల్లులా ఉంది. తర్వాత దాన్నే కథగా రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్ "క్లైమాక్స్‌లో గెలిపించండి, వేసుకుంటాం" అని తిప్పి పంపాడు. నేను గెలిపించలేదు. ఒక చిన్న పత్రిక వేసింది, డబ్బులేమీ రాలేదు. చీమకుర్తి వైపు నుంచి ఒక రైతు ఉత్తరం రాశాడు. ఆ దాపటెద్దుని అమ్ముతారేమో అడిగి చెప్పమన్నాడు! నాకు వచ్చిన అన్ని ప్రశంసల్లోనూ నేను దాచుకున్నది ఆ ఉత్తరమే. అతనికి ఎద్దు నిజంగా కనబడింది.

అలా కనబడేలా రాయి. మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంటుంది. వెళ్ళినప్పుడు అల్లుడు అక్కడి బెల్ వ్యూ స్పీడ్‌వే జట్టు పోటీకి తీసుకెళ్ళాడు. నాకు ముందుగా తగిలింది వాసన. కాలిన ఆముదం వాసన. ఈ ఇంజిన్లకు ఆముదంతో చేసిన ఆయిల్ వాడడం పాత అలవాటు. నువ్వు నల్గొండ పిల్లవి, మీ మెట్టచేలల్లో ఆముదం పండుతుంది. అంత దూరదేశంలో ఆ వాసన తగిలితే నీకేమనిపించిందో నీ కథలో ఒక్క ముక్క లేదు. పోలిష్ పేర్లు తెలుగులో ఎలా రాయాలని అడిగావు. నోటికి ఎలా వినిపిస్తే అలా రాయి, చివరిదాకా ఒకేలా ఉంచు, చాలు.

ఇక చేయాల్సింది. ఫ్లాష్‌బ్యాక్ మొత్తం తీసెయ్. హీరోని తీసెయ్. అయిదో పేజీలోని ఆ మనిషి పిట్స్‌లోంచి బండి తోసుకుంటూ గేటు దగ్గరికి రావడంతో మొదలుపెట్టు. గేటులో నిలబడి బూటుతో మట్టి గీరి చక్రానికి చోటు చేసుకుంటారు, అది రాయి. గేటుకి అడ్డంగా ఉన్న టేపులు పైకి లేచి పరుగు మొదలయ్యాక అతను నాలుగో స్థానంలో ఉండాలి. వరల్డ్ కప్‌లో ఒక్కో దేశానికి ఒక్కో హెల్మెట్ రంగు, ఎరుపు, నీలం, తెలుపు, పసుపు. నీ కథలో ఆ నలుగురికీ ఏ రంగూ లేదు. ఆ రాత్రి ఎవరిది ఏదో నీ ఫోన్‌లో ఫోటోలుంటే చూసి రాయి, లేకపోతే అక్కడ ఎవరినైనా అడుగు. రెండో ప్రతి నాకే పంపు, పత్రికకు ఇంకా వద్దు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు