అయినంతవరకే పట్టుకురా, అల్లుడూ

ఒంగోలు,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు బొమ్మ రైలు పట్టాలు వేసుకుంటున్న ఆ బల్ల మీద దుప్పటి కప్పి మూడు నెలలైందన్నయ్యా. నేను దాని మీదే ఉతికిన బట్టలు మడతపెడుతున్నా" అంది. నాకు నవ్వాగలేదు. మా మేడ మీది గదిలో నా బల్ల మీద మీ అత్త ఏడాది పొడుగునా పచ్చడి జాడీలు సర్దింది. కాబట్టి ఈ దశ నాకు బాగా తెలుసు.

నెల్లూరులో మీ నలుగురూ నెలకో ఆదివారం కలిసి, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూపించుకుంటారు కదా. అక్కడే ఏదో జరిగిందనుకున్నాను, అడిగితే మీ అమ్మ చెప్పింది. ఒకాయన స్కేలు పెట్టి కొలిచి "బ్రాడ్ గేజికి ఈ పట్టాలు ఇరుకు" అన్నాడట. ఇంకొకాయన ఎవరిదో గదినిండా పరిచిన లేఔట్, అంటే పట్టాలు, స్టేషన్లతో చేసిన బొమ్మ రైల్వే, ఫోన్‌లో చూపించాడట. నువ్వు ఇంటికొచ్చి దుప్పటి కప్పావు.

ముందు పట్టాల సంగతి తేల్చేద్దాం. ఆయన అన్నది నిజమే. మన బ్రాడ్ గేజిలో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. నువ్వు చేస్తున్నది హెచ్ఓ స్కేలు, అసలుదాంట్లో 87వ వంతు. ఆ లెక్కన పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. కొంటే దొరికేది 16.5. అది 1435 మిల్లీమీటర్ల గేజికి, అంటే యూరప్‌లోనూ అమెరికాలోనూ ఎక్కువగా ఉన్న గేజికి సరిపోయే కొలత. ఆ పట్టాలు కొని వాటి మీద మన బండి నడిపేవాళ్లందరూ ఆ మూడు మిల్లీమీటర్లనీ మింగేసినవాళ్లే. చేత్తో పట్టాలు వేసుకునే ఓపికుంటే కొలత ప్రకారం వేసుకోవచ్చు, కానీ అప్పుడు ప్రతి ఇంజనుకూ ప్రతి పెట్టెకూ చక్రాలు మార్చాలి. మొదటి లేఔట్‌కి ఆ గొడవ వద్దు. ఇంకోసారి ఎవరైనా కొలిస్తే "అవునండీ, మూడు తక్కువ" అని టీ ఇవ్వు.

ఈ సందులో నా గొప్ప కూడా కాస్త చెప్పుకోనీ. నేను స్టేషన్ మాస్టరుగా చేరిన రోజుల్లో మా గుంటూరు–గుంతకల్లు లైను మీటర్ గేజి. వెయ్యి మిల్లీమీటర్లను 87తో భాగిస్తే పదకొండున్నర. 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి. తేడా అర మిల్లీమీటరు. మీ మెయిన్ లైనుకన్నా మా చిన్న లైనే బల్ల మీద అసలుకు దగ్గరగా వస్తుంది!

ఇక ఆ గదినిండా ఉన్న లేఔట్. చూసి కుళ్లుకున్నావు, కుళ్లుకో, తప్పేం లేదు. కానీ నీ గది 12 అడుగులు. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టె ఒక్కోటి ఇరవై మూడున్నర మీటర్లు. నీ స్కేలులో 27 సెంటీమీటర్లు. 24 పెట్టెల బండి, ఇంజను కాకుండానే, ఆరున్నర మీటర్లు. బండి తల మీ వంటింట్లోకి వెళ్లినా తోక గదిలోనే ఉంటుంది. నిజం కిలోమీటరు నీ బల్ల మీద పదకొండున్నర మీటర్లవుతుంది. నువ్వేమో నెల్లూరు స్టేషను, పెన్నా వంతెన, పడుగుపాడు, బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల షెడ్డు, అన్నీ 8 అడుగుల బల్ల మీద గీసుకొచ్చావు. ఆ కాగితం చూసినప్పుడే చెప్పాల్సింది. నీ ఉత్సాహం చూసి మొహమాటపడ్డాను. ఆ తప్పు నాది.

పైగా నేనూ అదే చేశాను. రిటైరైన కొత్తలో దొనకొండ నుంచి మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా దిగువమెట్ట దాకా మొత్తం లైను వేద్దామనుకున్నాను. కంభం చెరువు కూడా ఉండాలన్నాను. నల్లమల ఎక్కుడు చూపించడానికి ఒక లైనును ఇంకో లైను మీదుగా తీసుకెళ్లాలి. అందుకు 8 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నూటికి రెండు చొప్పున ఎక్కిస్తే 4 మీటర్ల దారి పడుతుంది. నా దగ్గర ఉన్నది రెండు మీటర్లే. సరేలెమ్మని నూటికి నాలుగు పెట్టాను. ఇంజను ఒక్కటే అయితే ఎక్కేది. మూడు పెట్టెలు తగిలిస్తే సగంలో నిలబడి చక్రాలు గిరగిరా తిప్పేది. ఆ వానాకాలం ప్లైవుడ్ కూడా వంగింది. దాన్ని ఎవరికీ చూపించలేదు. పూర్తయ్యాక చూపిద్దామనుకున్నాను. పచ్చడి జాడీలు వచ్చింది అప్పుడే.

అందుకని నువ్వు చేయాల్సింది ఇది. ఆ 8 అడుగుల బల్ల పక్కన పెట్టు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చెక్క ఒకటి తీసుకో. నీకు బాగా తెలిసిన ఒక్క చోటు ఎంచుకో. తలమంచి లాంటి చిన్న స్టేషనయినా చాలు. రెండు లైన్లు, పక్కన బండి తప్పుకుని ఆగే లూపు లైను ఒకటి, పొట్టి ప్లాట్‌ఫారం, పసుపు బోర్డు మీద నల్లక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లిషులో ఊరి పేరు, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు. పక్కన రొయ్యల గుంట, గట్టు మీద చిల్లచెట్లు, నాలుగు తాటిచెట్లు. నువ్వు మా వైపు వచ్చి టంగుటూరు వేస్తానంటే నాకింకా సంతోషం. రైలు పక్కన పొగాకు బ్యారను ఒకటి నిలబెట్టావంటే జిల్లా పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు.

కాలం కూడా ఇప్పుడే తేల్చుకో. బొగ్గింజన్ల రోజులా, డబ్ల్యూడీఎం-2 డీజిల్ రోజులా, ఇప్పటి కరెంటు బళ్లా? కరెంటు అంటే స్తంభాలు, తీగలు చేయాలని భయపడకు. తిన్నటి దారిలో రెండు స్తంభాల మధ్య దూరం గరిష్ఠంగా 72 మీటర్లు. నీ స్కేలులో 83 సెంటీమీటర్లు. నాలుగడుగుల చెక్కకు రెండు జతలు నిలబెడితే సరిపోతుంది.

చెక్క మీద పట్టాలు పడ్డాయి, వైర్లు కలిపావు, ఇంకేమీ లేదు, చెక్క చెక్కలాగే కనిపిస్తోంది. అల్లుడూ, ఆ రోజే దాన్ని చంకలో పెట్టుకుని మీవాళ్ల దగ్గరికి వెళ్లు. నా మాట విను. కంకర పోశాక, రంగులు వేశాక చూపిస్తే వాళ్లు "బాగుంది" అనడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ఉత్త పట్టాలప్పుడైతే ఎవరో ఒకరు పెట్టెను వేలితో నెట్టి చూస్తారు. జాయింటు దగ్గర టిక్కుమంటుంది. "ఇక్కడ ఎత్తుగా ఉంది" అంటారు. అది అప్పుడు ఐదు నిమిషాల పని. ఫెవికాల్ పోసి కంకర బిగిశాక అదే పని ఒక రాత్రి తింటుంది. నీ దగ్గరున్న పెట్టెల్లో అన్నిటికన్నా పొడుగైనదాన్ని ముందుకీ వెనక్కీ నెట్టించు. పాయింట్ల మీద, అంటే ఒక లైను రెండుగా చీలే చోట, రెండు వైపుల నుంచీ నెట్టించు. వంపు వ్యాసార్ధం పెట్టె పొడవుకు మూడు రెట్లుండాలని నా లెక్క. 27 సెంటీమీటర్ల పెట్టెకు 80 పైన. అంతకన్నా బిగువైతే తిరగదని కాదు. తిరుగుతుంది, కానీ పెట్టె మూలలు బయటికి పొడుచుకొచ్చి చూడ్డానికి వికారంగా ఉంటుంది. ఒక్కొక్కసారి ప్లాట్‌ఫారం అంచు గీరుకుంటుంది కూడా.

వైర్ల విషయంలో పిసినారితనం చేయకు. పట్టాల జాయింట్లు కరెంటు మోస్తాయని నమ్ముకుంటే, మన సముద్రపు గాలికి ఆర్నెల్లలో మోయడం మానేస్తాయి. ప్రతి పట్టా ముక్కకూ విడిగా వైరు టంకం వెయ్యి. ఇత్తడి పట్టాలు చవకని కొనకు, త్వరగా నల్లబడతాయి. నికెల్ సిల్వర్ తీసుకో.

ఇప్పుడు కంకర. ఇక్కడ నేను నిండా మునిగాను, అందుకే నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను. ఒక కార్తీకమాసంలో కొత్తపట్నం సముద్రానికి వెళ్లినప్పుడు సన్నటి ఇసుక చూసి ముచ్చటపడి సంచీడు తెచ్చాను. కడగలేదు. లైనంతా పోసి అతికించాను. ఎంత అందంగా ఉందో! మూడో వారానికి ఇంజను గరగరమంది, ఐదో వారానికి ఆగిపోయింది. విప్పి చూస్తే మోటారు చుట్టూ నల్లటి రేణువులు గడ్డంలా అంటుకుని ఉన్నాయి. మన తీరం ఇసుకలో నల్ల ఇసుక కలిసి ఉంటుంది, అందులో అయస్కాంతానికి అంటుకునే ఖనిజం ఉంటుంది. మోటారులో ఉన్నది అయస్కాంతమే కదా, లాగేసుకుంది. దానికి తోడు ఉప్పు. ఆ ఇంజను ఒక చుట్టం విదేశాల నుంచి తెచ్చిచ్చింది. ఆయన ఇంటికొస్తే ఇప్పటికీ ఆ ప్రస్తావన రానివ్వను.

నువ్వు ఏ ఇసుక తెచ్చినా, పెన్నదైనా సరే, కడిగి, ఎండబెట్టి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పదిసార్లు అందులో తిప్పు. అంటుకున్నది పారెయ్యి. రైలు కంకర అంటే రాతి ముక్కలు కాబట్టి ఇసుకకన్నా క్రషర్ పొడి బాగా నప్పుతుంది. చీమకుర్తి వైపు వెళ్తే అది పుట్టలు పుట్టలుగా ఉంటుంది. నల్లరాయి కదా, దానికైతే అయస్కాంతం ఇంకా ఎక్కువసేపు తిప్పు. నిజం కంకర రాయి 50 మిల్లీమీటర్లనుకుంటే నీకు కావాల్సింది అర మిల్లీమీటరు పైన. టీ వడకట్టే జాలీలోంచి జల్లించి, మిగిలిన దుమ్మును పల్చటి గుడ్డలోంచి దులిపెయ్యి. పట్టాల పక్కలకు తుప్పు రంగు ముందే వేసి, పైభాగం తుడిచెయ్యి. కంకర పొడిగానే సర్దుకుని, నీళ్లు మంచులా చల్లి, ఒక వంతు ఫెవికాల్‌కి రెండు వంతుల నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి మందు డ్రాపరుతో పొయ్యి. ఆ చుక్క సబ్బు లేకపోతే జిగురు పైన ముత్యాల్లా నిలబడుతుంది, లోపలికి దిగదు. పాయింట్ల కదిలే నాలుకల దగ్గరికి మాత్రం జిగురు పోనీకు.

చెట్లూ చేమల గురించి నీకు చెప్పేదేముంది, చేయి తిరిగినవాడివి. ఎండు గడ్డికి కొబ్బరి పీచు. కిటికీ అద్దాలకు గూడూరు, సైదాపురం వైపు అభ్రకం రేకు చిన్న ముక్క దొరికితే వాడి చూడు. ప్లాస్టిక్‌కి ఆ మెరుపు రాదు.

ఫోటోలు. నువ్వు నాకు పంపినవన్నీ పైనుంచి తీసినవే, కాకి చూసినట్టు. ఫోన్‌ను తలకిందులు చేసి, కెమెరా చెక్కకు ఆనేలా పెట్టి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో తియ్యి. ట్యూబులైటు ఆపేసి పొద్దుటి ఎండ కిటికీలోంచి పడనీ. ప్రతి నెలా అదే చోటు నుంచి ఒకటి తీస్తే, పని కదలడం లేదని నీకనిపించిన నెలలో పాతది పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. చెక్క అడుగు భాగం కూడా ఒకటి తీసిపెట్టు. ఏ వైరు ఎక్కడికి పోయిందో రెండేళ్ల తర్వాత నీకే కావాలి. నోటుబుక్కు ఒకటి పెట్టు. స్టేషన్లో ప్రతి బండికీ టైము రాసిన అలవాటు నాది, అందుకని దీనికీ రాశాను. ఏ రోజు ఏ రంగు ఎంత కలిపానో రాసుకున్నదే నాకు మిగిలిన ఆస్తి.

చూపించేటప్పుడు నోరు విప్పి ఒక్క ప్రశ్న అడుగు. "ఎలా ఉంది?" అనకు. "ఈ గోడ మరీ కొత్తగా ఉంది, పాతగా కనిపించాలంటే ఏం పూయాలి?" అను. అప్పుడు స్కేలు పట్టుకున్నాయన కూడా స్కేలు కింద పెట్టి ఆలోచిస్తాడు. అవతలివాళ్లది చూసేటప్పుడు "సూపర్" అని దాటేయకు. ఏదో ఒకటి వేలు పెట్టి అడుగు, ఎలా చేశారని. తప్పు కనిపిస్తే వాళ్లు అడిగితేనే చెప్పు. ఇంజను పట్టాలు దిగినప్పుడు మాత్రం నవ్వొద్దు. నిజం స్టేషన్లో బండి పట్టాలు దిగిన రాత్రి ఒకటి నేను చూశాను. నాకు బల్ల మీద దిగినా నవ్వు రాదు.

ఇంకొకటి, ఇది మీ నలుగురికీ చెప్పు. నాలుగు చెక్కలూ ఒకదానికొకటి కలిసేలా చేసుకోండి. నేల నుంచి పట్టాల ఎత్తు, చెక్క ముందంచు నుంచి మొదటి పట్టా దూరం, ఈ రెండూ అందరూ ఒకటే పెట్టుకుంటే చాలు. అప్పుడు ఎవరి ఇంట్లోనూ పెద్ద గది అక్కర్లేదు. కలిసిన రోజు 16 అడుగుల లైను అవుతుంది.

అలా కలిపిన రోజు బండిని ఊరికే అటూ ఇటూ తిప్పకండి. మా సింగిల్ లైనులో బాల్ టోకెన్ ఉండేది. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, తీగతో ముడి. పక్క స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటేనే నా పెట్టెలోంచి లోహపు బంతి బయటికొచ్చేది. అది చేతికందితే తప్ప డ్రైవరు బండి కదిలించడు. దానికి మీకు ఒక గోళీ చాలు. ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు కూర్చోండి. గోళీ ఎవరి దగ్గరుంటే వాడి బండే బయల్దేరాలి. అవతలివాడు లైన్ క్లియర్ ఇవ్వకపోతే ఆగాలి. ఒక్క గంట ఆడి చూడండి. ఐదు పెట్టెల బండికి ఎంత పని ఉంటుందో తెలుస్తుంది.

వచ్చే నెల మీరు కలిసే ఆదివారం నేనూ వస్తాను. పొద్దున్నే ఏదో ఒక బండి పట్టుకుంటాను. స్టేషనుకు రావద్దు, ఆటోలో వస్తాలే. దుప్పటి తీసి ఉంచు. నా చెక్క కూడా తెస్తున్నాను, గిద్దలూరు స్టేషన్ సగం. ప్లాట్‌ఫారం ఇంకా అట్టముక్కే, సిగ్నల్ చెయ్యి విరిగింది, కానీ బండి నడుస్తుంది. నాకు ఆ సిగ్నల్ చేతికి సన్నటి తీగ ఎలా లాగాలో తెలియడం లేదు. నీ స్కేలాయన్ని అడిగి పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య

ఈ ఉత్తరంతో పాటు గోళీ ఒకటి పంపిస్తున్నాను. మీ అత్త టీ జాలీ ఏదని అడిగితే నీకు తెలియదని చెప్పు.