దేవుడు: రుజువు చూపాల్సింది ఎవరు?

ప్రశ్న: మా పెదనాన్నగారికీ తమ్ముడికీ దేవుడి మీద వాదన మొదలైతే ఒక పట్టాన తెమలదు. "లేడని నిరూపించు" అని ఆయన, "ఉన్నాడన్నది మీరు, మీరే చూపించండి" అని వాడు. ఇంతకీ రుజువు చేయాల్సింది ఎవరు?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: ఎవరన్న మాటకు వాళ్లదే పూచీ. మీ తమ్ముడు సరిగ్గా ఏమన్నాడో ముందు చూడండి. "మీరు చెప్పిన కారణాలు చాలవు" అంటే, అవెందుకు చాలవో చెబితే సరిపోతుంది. "దేవుడు లేడు" అంటే మాత్రం అదీ ఒక ప్రతిజ్ఞే (నిరూపించాల్సిన మాటే), దానికీ హేతువు కావాలి. కుర్రాళ్లు రెండోది అనేసి, నిలదీస్తే మొదటిదానిలోకి జారుకుంటారు. "లేడని తేల్చలేకపోయావు కాబట్టి ఉన్నాడు" అనడం పెద్దల పొరపాటు.

కోర్టులోనూ ఇదే పద్ధతి. ఇప్పటి సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 104వ సెక్షన్ (1872 నాటి చట్టంలో 101) ప్రకారం, ఏ వాస్తవాల ఆధారంగా తీర్పు అడుగుతున్నారో వాటిని అడిగినవాళ్లే రుజువు చేయాలి. కాకపోతే కోర్టు ఏదో ఒక తీర్పు ఇవ్వక తప్పదు. మీ ఇంట్లో "ఇంకా తేలలేదు" అని లేచిపోవచ్చు.

మన నైయాయికులు, అంటే తర్కానికి పెద్దపీట వేసే న్యాయ దర్శనంవాళ్లు, ఈ భారాన్ని తప్పించుకోలేదు, తలకెత్తుకున్నారు. వాళ్లలో ఒకడైన ఉదయనుడు 'న్యాయకుసుమాంజలి' రాసింది అందుకే. అందులో ముఖ్యమైన అనుమానం (సందేహం కాదు, హేతువును బట్టి తేల్చడం) ఇది: భూమి, మొలక వంటివి కార్యాలు, అంటే ఒక కారణం వల్ల పుట్టినవి, కుండకు కుమ్మరి ఉన్నట్టు ప్రతి కార్యానికీ కర్త ఉంటాడు, కాబట్టి వీటికీ ఉన్నాడు. దీన్ని మూడుచోట్ల పట్టుకోవచ్చు. భూమి అసలు కార్యమేనా? జగత్తుకు మొదలే లేదనే మీమాంసకుడి (వేదవిధులను విచారించే దర్శనంవాడి) దృష్టిలో ఆ హేతువు అసిద్ధం, అంటే అదే ఇంకా రుజువు కాలేదు. భాగాలున్నది ఏదైనా కార్యమేనని నైయాయికుడి జవాబు. రెండోది, ఎవరూ విత్తకుండానే అడవిలో గడ్డి మొలుస్తోందిగా? అది వివాదంలో ఉన్న పక్షంలోనిదే, అంటే దానికి కర్త ఉన్నాడా అన్నదే తేలాల్సిన సంగతి, దాన్ని ఎదురు ఉదాహరణగా చూపడం కుదరదంటారు నైయాయికులు. ఈ జవాబు గట్టిది. మీ తమ్ముడు ఇక్కడ తొందరపడకూడదు. మూడోది, కుమ్మరికి ఒళ్లుంది, పైగా కుమ్మరులు అనేకమంది. కర్త ఒక్కడేననీ అశరీరుడనీ ఎలా తేలుతుంది? నా ఉద్దేశంలో అనుమానం బలహీనపడేది ఇక్కడే. అన్నట్టు, వేదాన్ని ప్రమాణంగా నిలబెట్టిన మీమాంసకుడు కుమారిలభట్టే సృష్టికర్తను ఒప్పుకోలేదు. ఈ మాట పెదనాన్నగారికి మెల్లగా చెప్పండి.

"కనబడడు కాబట్టి లేడు" అన్నది కూడా అంత తేలిక కాదు. కనబడదగిన వస్తువు, వెలుతురూ చూపూ సరిగా ఉండి కూడా కనబడకపోతేనే లేదనాలి. కంటికి కనబడేదే నిజమనే చార్వాకుడు ఇల్లు దాటి బయటికొస్తే ఆలుబిడ్డలు కనబడరు, లేరని ఏడుస్తాడా అని ఉదయనుడి ఎత్తిపొడుపు. ఇంద్రియాలకు అందని దేవుణ్ణి ఈ దారిలో కాదనలేం. అదే "ఫలానా పూజ చేస్తే వాన పడుతుంది" అంటే, పూజ జరిగినప్పుడూ జరగనప్పుడూ ఎన్నిసార్లు పడిందో లెక్క రాసుకోవచ్చు.

ఈసారి కూర్చునే ముందు రెండు సంగతులు కాగితం మీద పెట్టించండి. ఏ దేవుడు: సృష్టికర్తా, కర్మఫలదాతా, నిర్గుణ బ్రహ్మమా? ఏ ప్రమాణాలు (నిజం తెలుసుకునే ఆధారాలు) ఇద్దరికీ సమ్మతం? ఒకరు శబ్దాన్ని (వేదం వంటి నమ్మదగిన మాటను), ఇంకొకరు ప్రత్యక్షాన్ని (ఇంద్రియాలకు అందేదాన్ని) మాత్రమే పట్టుకుంటే, ముందు వాదించాల్సింది ప్రమాణాల గురించే.

ప్రశ్న: నా నమ్మకం నాది. దానికీ రుజువు చూపాలా?
– ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

జవాబు: అక్కర్లేదు. కానీ అదే నమ్మకంతో అపార్ట్‌మెంట్ సెల్లారులో గుడి కట్టాలని ఫ్లాట్‌కు ఇంత చందా అడిగితే, ఎందుకివ్వాలో చెప్పాల్సింది మీరే.