పాత అపార్ట్‌మెంట్ల చోట టవర్లు: ట్రాఫిక్ సంగతి అడిగే హక్కు మనకుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది పాత కాలనీ. మా ఎదుట ఉన్న మూడేసి అంతస్తుల రెండు అపార్ట్‌మెంట్లు కూల్చి, 12 అంతస్తుల టవర్లు కడతారట. ఇప్పుడున్నవి 36 ఫ్లాట్లు, రాబోయేవి 160. రోడ్డు చూస్తే 40 అడుగులే. పొద్దున స్కూలు బస్సు మలుపు తిరిగితేనే వెనక బళ్లన్నీ ఆగిపోతాయి. వాళ్ల స్థలంలో వాళ్లు కట్టుకుంటుంటే మేం అభ్యంతరం చెప్పొచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: చెప్పొచ్చమ్మా. కాకపోతే ‘ట్రాఫిక్ పెరుగుతుంది’ అన్న ఒక్క మాట మీద కోర్టు పని ఆపదు. నిబంధన ఎక్కడ తప్పారో చూపించాలి.

ముందు టేపు పట్టి రోడ్డు కొలిపించండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు (జీవో 168) భవనం ఎత్తును ఎదుటి రోడ్డు వెడల్పుతో ముడిపెట్టాయి. 12 అంతస్తులంటే సుమారు 36 మీటర్లు. అంత ఎత్తుకు 24 మీటర్ల రోడ్డు, అంటే దాదాపు 80 అడుగులు కావాలి. మరి మీ 40 అడుగుల రోడ్డు మీద ఫైలు ఎలా కదిలింది? మాస్టర్ ప్లాన్‌లో గీసిన వెడల్పు చూపారా, వెనక వేరే రోడ్డు చూపారా, టీడీఆర్ (రోడ్డు వెడల్పు లాంటి వాటికి స్థలం వదిలినందుకు బదులుగా ఇచ్చే, అమ్ముకోదగ్గ అదనపు నిర్మాణ హక్కు) వాడుకున్నారా? సమాచార హక్కు కింద మంజూరైన ప్లాను, స్థల తనిఖీ నివేదిక తీసుకుంటే తేలుతుంది. తర్వాత వచ్చిన సవరణలతో కలిపి చదవాలి.

చాలామంది వదిలేసేది పర్యావరణ అనుమతి. కేంద్ర పర్యావరణ శాఖ 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు ఉంటే ఆ అనుమతి తప్పనిసరి. సెల్లార్లూ అందులోకే వస్తాయి, కాబట్టి 160 ఫ్లాట్లకు దాదాపు దాటినట్టే. దరఖాస్తులోని ఫారం 1ఏ, 5.3వ ప్రశ్న సూటిగా అడుగుతుంది: పార్కింగ్‌కు కొరత వస్తుందా? ఇప్పుడున్న రవాణా సదుపాయాలేమిటి? గేటు దగ్గర రాకపోకలను ఎలా నడుపుతారు? బిల్డరు అక్కడ ఏం రాశాడో పర్యావరణ అనుమతుల దరఖాస్తులుండే ‘పరివేశ్’ అనే ప్రభుత్వ పోర్టల్‌లో వెతకండి. తెలిసి తప్పు సమాచారం ఇచ్చినా, దాచినా అనుమతి రద్దు చేసే వీలుంది. మీ కేసుకు ఆయువుపట్టు అదే. ఇలాంటి నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అదే నోటిఫికేషన్ మినహాయించింది. రోజూ ఆ రోడ్డు మీద నడిచేవాళ్లను అడగకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

అడగకపోయినా మీరే లెక్క ఇవ్వండి. పొద్దున 8 నుంచి 10 దాకా మలుపు దగ్గర ఇద్దరు కూర్చుని బైకులు, కార్లు, ఆటోలు, బస్సులు విడివిడిగా రాసి, తేదీ వేసి సంతకాలు పెట్టండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాలు (ఐఆర్‌సీ 106) రెండు వరుసల ‘కలెక్టర్ రోడ్డు’కు (కాలనీ వీధుల బళ్లను పెద్ద రోడ్లకు చేర్చే రోడ్డు) గంటకు 900 పీసీయూ, అంటే కార్ల లెక్కలో 900 బళ్లు, హద్దుగా చెప్తున్నాయి. మీ లెక్క ఇప్పుడే దాని దరిదాపుల్లో ఉంటే, 160 ఫ్లాట్ల బళ్లు ఎక్కడ పడతాయో అధికారులు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ కాగితాలు జతచేసి పురపాలక సంస్థకూ, రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకూ అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి.

పర్యావరణ అనుమతి ఇప్పటికే వచ్చి ఉంటే తేదీ చూసుకోండి. పర్యావరణ కేసులు చూసే, చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజులు, అంతకు మించి ఒక్కరోజూ ఇవ్వరు. ప్లాను మంజూరులోనే తప్పుంటే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయాలి. అదీ గోతులు తవ్వకముందే. ఫ్లాట్లు అమ్ముడుపోయాక వెళ్తే స్టే దొరకడం కష్టం.