పిల్లి మాట వింటుంది, కాకపోతే దానికి లాభం కనబడాలి

మీ కుక్క ‘సిట్’ ఇట్టే నేర్చుకుంది, పిల్లి మాత్రం పిలిస్తే రాదు, స్టవ్ గట్టు ఎక్కడం మానదు అన్నారు. తెలివి లేక కాదండి. కుక్కల్ని మనుషులు వేటకీ, కాపలాకీ, మందలు కాయడానికీ తరతరాలుగా ఏరి పెంచారు. పిల్లి ఎలుకల కోసం తనంతట తానే గాదెల దగ్గరికి చేరింది, ఆజ్ఞలు వినే అవసరం దానికి రాలేదు. పేరు మాత్రం దానికి తెలుసు. పెంపుడు పిల్లులు తమ పేరును వేరే మాటల నుంచి విడిగా గుర్తుపడతాయని 2019లో జపాన్ పరిశోధకులు చూపించారు.

అందుకే పిలుపుతో మొదలుపెట్టండి. తిండి వేళకు ముందు, ఆకలి మీదున్నప్పుడు పేరు పెట్టి పిలిచి, రాగానే ఉప్పూ కారం లేని ఉడికించిన చికెన్ గోరంత ముక్క పెట్టండి. ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి అర్థం కాదు. రెండు మూడు నిమిషాలు చాలు. అది లేచి వెళ్లిపోతే క్లాసు అయిపోయినట్టే. మందు వేయడానికి మాత్రం ఆ పేరుతో పిలవకండి.

ఇక గట్టు. ఎక్కినప్పుడల్లా పిల్లి మీద నీళ్లు చల్లుతుంటే, అది ఆపేయండి. దానివల్ల మీరు లేనప్పుడు ఎక్కడం నేర్చుకుంటుంది, అంతే. పిల్లికి ఎత్తు కావాలి కదా, కిటికీ పక్క బీరువా పైన పాత దుప్పటి పరచండి, అక్కడికెక్కితే ముక్క పెట్టండి. గట్టు మీద చేపల వాసన మిగలనివ్వకండి.

‘సిట్’ కూడా వస్తుంది. చికెన్‌ను దాని ముక్కు దగ్గర్నుంచి తల మీదుగా మెల్లగా వెనక్కి జరిపితే చాలాసార్లు దానంతటదే కూర్చుంటుంది. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్కలు మాత్రం పెట్టొద్దు, పిల్లికి అవి విషం.