చాంగ్‌థాంగ్ పశుపోషకులు తోచిన చోటికల్లా తిరుగుతుంటారా?

లేదు, వాళ్లు ఏ కాలంలో ఏ మేతభూమికి వెళ్లాలో ముందే ఖాయం చేసుకుని, ఏటా దాదాపు అవే దారుల్లో కదులుతారు. టిబెట్ ఉత్తర, పశ్చిమ భాగాల నుంచి లద్దాఖ్ దాకా పరుచుకున్న ఈ పీఠభూమిలో చాలా భాగం 4,500 మీటర్ల పైనే ఉంటుంది. గడ్డి పెరిగేది వేసవి కొద్ది నెలలే. చాలాచోట్ల పంటలకు ఆ గడువు చాలదు. ఆ కాస్త గడ్డితోనే జడలబర్రెలు, గొర్రెలు, పశ్మీనా మేకలు ఏడాదంతా బతకాలి. అందుకే చలికాలం కోసం ఉంచిన మేతను వేసవిలో ముట్టనివ్వరు. లద్దాఖ్‌లో త్సో మొరీరీ సరస్సు పక్కనున్న కోర్జోక్‌నే చూడండి: ఏ మంద ఎప్పుడు ఎక్కడ మేయాలో గోబా అనే గ్రామపెద్ద చూసుకుంటాడు. గుడారాల్లో ఉంటారు కాబట్టి వాళ్లకు సొంత నేలంటూ లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఏ లోయ మేత ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు.