చి. భార్గవికి, స్క్రిప్టు పేజీ గురించి

చి. భార్గవికి,

పెదనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన సినిమా స్క్రిప్టు పేజీలన్నీ చదివినా. కథ బాగానే ఉంది, దాని జోలికి ఇప్పుడు పోను. పేజీ చూస్తే మాత్రం నవల మధ్యలో డైలాగులు ఇరికించినట్టుంది. సాఫ్ట్‌వేర్ కొంటే అన్నీ అదే సర్దుకుంటుందని రాసుండావు. మార్జిన్లు సర్దుతుంది, నిజమే. ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం, మిగతా మూడు పక్కలా అంగుళం అంగుళం, కొరియర్ అనే ఫాంటులో 12 పాయింటు అక్షరం, ఇదంతా కంప్యూటర్ చేసిపెట్టే పనే. ఏ ముక్క హెడ్డింగులో, అంటే సీను ఎక్కడ, ఎప్పుడు అని చెప్పే పై లైనులో పడాలి, ఏది యాక్షన్‌లో, అంటే తెర మీద కనిపించేదీ వినిపించేదీ రాసే లైన్లలో పడాలి అనేది నువ్వే తేల్చుకోవాలి. స్క్రిప్టును పనిముట్టుగా వాడేది కో-డైరెక్టరు, ప్రొడక్షన్ మేనేజరు, ఆర్టు వాళ్ళు, కాస్ట్యూమ్స్ వాళ్ళు. ఎవరికి కావాల్సింది వాళ్ళకు వెతుక్కోకుండా దొరకాలి.

ఈ వారం కథ ముట్టుకోవద్దు. కపిలతీర్థం దగ్గర ఆటో ఎక్కి, లీలామహల్ సర్కిల్లో దిగి, గాంధీ రోడ్డులో ఏదో కొనుక్కుని ఇంటికొచ్చినావనుకో. ఆ దారంతటికీ సీన్ హెడ్డింగులు మాత్రమే రాయి. ఆటోలో కూర్చున్న మనిషిని లోపలి నుంచి చూపిస్తే ఇంటీరియర్, రోడ్డు మీంచి చూపిస్తే ఎక్స్‌టీరియర్, కెమెరా లోపలికీ బయటికీ తిరుగుతుంటే రెండూ. అంగడి గడప దాటితే కొత్త సీను. అదే అంగడికి రాత్రి మళ్ళీ పోతే ఇంకో సీను. ఒకసారి ‘శెట్టి అంగడి’ అని రాస్తే చివరిదాకా అదే పేరు ఉండాలి. ఇంకో చోట ‘కిరాణా షాపు’ అన్నావంటే, షెడ్యూలు వేసేవాడు రెండు లొకేషన్లని లెక్కగడతాడు. ఇంకొకటి, నీ హెడ్డింగుల్లో ‘సంధ్యవేళ’ తెగ కనిపిస్తోంది. ఆ వెలుతురు అరగంట నిలిస్తే గొప్ప. దానికోసం యూనిట్ మొత్తం కాచుక్కూర్చోవాలి. కథకు తప్పదనుకుంటేనే ఉంచు, లేకపోతే డే, నైట్ చాలు.

అసలు కష్టం యాక్షన్ లైన్లలో ఉంది. నీ జాతర సీను ఇట్లా మొదలవుతుంది:

‘గంగమ్మ జాతర కోలాహలంగా సాగుతోంది. వేషం కట్టిన రాజుకి చిన్నప్పుడు తప్పిపోయిన చెల్లెలు గుర్తొచ్చి గుండె బరువెక్కింది.’

ఏ వేషం? బైరాగి వేషమైతే ఒళ్ళంతా తెల్లసుద్ద పూయాలి. మాతంగి వేషమైతే చీర, నగలు కావాలి. తిరుపతిలో పుట్టినదానివి, నీకు తెలుసు. మేకప్ మనిషి ఏ ఊరివాడో ఏమో, ఆయనకెట్లా తెలుస్తుంది? కోలాహలమంటే పదిమందా, ఐదొందల మందా? జూనియర్ ఆర్టిస్టులను పిలిచేవాడికి అది కావాలి. ఇక గుండె బరువెక్కడం ఏ కెమెరాకూ దొరకదు. నేనైతే ఇట్లా రాస్తా:

సీన్ 14. ఎక్స్‌టీరియర్. తాతయ్యగుంట గంగమ్మ గుడి వీధి. డే.

డప్పుల మోత. వీధి ఆ చివర్నించి ఈ చివరిదాకా జనం. బైరాగి వేషంలో రాజు, ఒళ్ళంతా తెల్లసుద్ద, చేతిలో వేపమండ.

గాజుల అంగడి ముందు ఐదేళ్ళ పిల్ల, ఒక్కతే, ఏడుస్తోంది.

రాజు ఆగిపోతాడు. వేపమండ పట్టుకున్న చెయ్యి కిందికి దిగుతుంది.

చెల్లెలి మాట నేను ఎత్తనేలేదు, చూడు. ఆ సంగతి ముందు సీన్లలో ఎక్కడో నాటి ఉంటే ఇక్కడ చెయ్యి దిగడం చాలు. నాటకపోతే ఇక్కడ వాక్యం రాసినా ప్రేక్షకుడికి చేరదు గదా. పేరాలు విడగొట్టిన తీరు కూడా గమనించు. చూపు మారిన ప్రతిచోటా పేరా మారింది. షాట్ల పేర్లు రాయకుండానే డైరెక్టరుకు షాట్లు కనిపిస్తాయి. దీనికి సాధన ఏమిటంటే, రోజూ ఏదో ఒక వారపత్రిక కథలో ఒక పేరా తీసుకో. కంటికి కనపడనిదీ చెవికి వినపడనిదీ ఎర్ర పెన్నుతో కొట్టెయ్. కొట్టేసిన వాటిలో కథకు తప్పనిసరైనదాన్ని మాత్రం ఒక చేష్టగానో, వస్తువుగానో, చప్పుడుగానో మార్చి రాయి.

డైలాగుల పైన బ్రాకెట్లలో ‘కోపంగా’, ‘బాధగా’ అని పెట్టినవన్నీ తీసేసి ఇంట్లో ఇద్దరి చేత చదివించు. అర్థం తిరగబడిన చోట మాత్రమే మళ్ళీ పెట్టు.

తెలుగులో రాసేవాళ్ళకు రెండు చిక్కులున్నాయి. ఇంగ్లీషులో మాదిరి మనకు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు లేవు, కాబట్టి పాత్ర పేరు ఏదో, మామూలు వాక్యం ఏదో సాఫ్ట్‌వేర్ పసిగట్టలేదు. డబ్బు పెట్టకుండా, గుర్తులు పెట్టి స్క్రిప్టు రాసే ఫౌంటెన్ అనే పద్ధతిలో మామూలు నోట్‌ప్యాడ్‌లోనే రాసుకో. పాత్ర పేరు ముందు @ గుర్తు, హెడ్డింగు ముందు ఒక చుక్క పెడితే చాలు. పేరుకు పైన ఒక లైను ఖాళీ ఉండాలి, డైలాగు మాత్రం పేరు కిందే రావాలి. రెండో చిక్కు, స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అనే లెక్క. అది ఇంగ్లీషు కొరియర్ అక్షరాన్ని బట్టి వచ్చిన అంచనా, మన ఫాంట్లకు కుదరదు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని సీను పైకి చదువు, యాక్షన్ జరిగేంత సేపూ ఆగు. వచ్చిన టైము మార్జిన్లో వేసుకో.

ఎడమ పక్క యాక్షన్, కుడి పక్క డైలాగు రాసే మన పాత రెండు వరసల పద్ధతిని తీసిపారేయొద్దు. ఇప్పటికీ అదే అడిగేవాళ్ళున్నారు. పైగా ఎడమ పక్క తెల్లగా మిగిలిందంటే, సీను నిండా మాటలే ఉన్నాయని చూడగానే తెలిసిపోతుంది.

జాతర సీను రెండు పద్ధతుల్లోనూ రాసి మీ తమ్ముడికి ఇవ్వు. వాడి చేత మనుషులకు ఒక రంగు, వస్తువులకు ఒక రంగు, దుస్తులకు ఒక రంగు గీయించు. నువ్వు పక్కనుండి ఏమీ చెప్పొద్దు. వాడు దేన్ని వదిలేశాడో అది నువ్వు సరిగ్గా రాయలేదని లెక్క. అది దిద్దినాక ప్రింటు తీసి పోస్టులో పంపు. ఫోనులో పీడీఎఫ్ చదవడం నా కళ్ళ వల్ల కాదు.

మీ నాయనను అడిగినట్టు చెప్పు.

పెదనాయన,
చిత్తూరు